చేపకి మందు వేసే ముందు నీళ్లు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చేపల గురించే ఉన్నాయి, అందుకే కుక్కలూ పిల్లుల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపేసి ఈసారి శీర్షిక మొత్తం అక్వేరియంకే ఇచ్చేస్తున్నా. ఒకటి గమనించాను, రాసినవాళ్లు దాదాపు అందరూ "ఏ మందు వెయ్యాలి" అనే అడిగారు గానీ నీళ్ల గురించి ఎవరూ రాయలేదు. నీళ్లు ఎక్కడివి, ఎన్నాళ్లకోసారి మారుస్తున్నారు, ట్యాంకు పెట్టి ఎన్ని నెలలైంది, ఫిల్టర్ రోజంతా తిరుగుతుందా లేదా, ఈ నాలుగు తెలిస్తే సగం జబ్బులు అక్కడే దొరికిపోతాయి. ఈసారి రాసేటప్పుడు ఇవి తప్పకుండా రాయండి.

ప్రశ్న (హనుమకొండ నుంచి): నమస్తే అక్కా. మాది రెండడుగుల ట్యాంకు. నాలుగు మోలీలు, ఎనిమిది టెట్రాలు, ఒక సక్కర్ ఉన్నాయి. డిసెంబర్‌లో చలి ముదిరాక టెట్రాల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలొచ్చాయి. షాపాయన నీలం మందు ఇచ్చాడు, వేశా, నాలుగైదు రోజుల్లో పోయాయి. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాయి, ఈసారి మోలీలక్కూడా. మళ్లీ వేశా, పోయాయి, మళ్లీ వచ్చాయి. రెండు టెట్రాలు చచ్చిపోయాయి. మందు నకిలీదంటావా?

జవాబు: మందు నకిలీది కాదు తమ్ముడూ, నువ్వు ఆపిన టైమే తప్పు. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇది వైట్ స్పాట్, చేపలు పెంచేవాళ్లు ఇక్ అంటారు. అది మచ్చ కాదు, ఒక సూక్ష్మజీవి, చేప చర్మం కిందకి దూరి అక్కడ తింటూ పెరుగుతుంది, నీకు కనపడే ఆ తెల్ల చుక్క దాని ఇల్లన్నమాట. కడుపు నిండాక అదంతట అదే ఊడి కిందపడి, గులకరాళ్లలో ఎక్కడో అతుక్కుని, గుల్ల కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలై వందల పిల్లలవుతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి ఈదుకుంటూ చేపని వెతుక్కుంటాయి, ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. ఏ మందైనా సరే వీటిని చంపగలిగేది ఇలా ఈదే దశలో మాత్రమే, చర్మం కింద ఉన్నప్పుడు గానీ గుల్లలో ఉన్నప్పుడు గానీ ఏమీ చెయ్యలేదు. మరి నాలుగు రోజుల్లో మచ్చలు ఎందుకు పోయాయంటావా, మందు వెయ్యకపోయినా పోయేవే, అవి పిల్లలు పెట్టడానికి దిగాయి అంతే. సరిగ్గా అప్పుడే నువ్వు తగ్గిపోయిందని మందు ఆపేశావు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. ముందు ట్యాంకులో నీళ్లు ఎన్ని లీటర్లో తెలుసుకో. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. రెండడుగులు, అడుగు, అడుగు అంటే 60, 30, 30 అనుకుంటే 54 లీటర్లు, రాళ్లూ పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 అనుకో. దేనికైనా ఈ లెక్కే కావాలి, "ఒక మూత వెయ్యి" అని షాపులో చెప్పే లెక్క ఏ ట్యాంకుకో ఎవరికీ తెలీదు.

ఒక 50 వాట్ల హీటర్ కొను, థర్మామీటర్ కూడా. చలికాలం మీ దగ్గర రాత్రికీ పగటికీ నీళ్ల వేడి బాగా మారిపోతుంది, ఆ మార్పుకే చేప డీలా పడి ఈ పురుగుకి లొంగిపోతుంది. రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున మెల్లగా 30 వరకు తీసుకెళ్లు, ఒకేసారి పెంచొద్దు. వేడికి పురుగు బతుకు చక్రం తొందరగా తిరుగుతుంది, అంటే మందుకి తొందరగా దొరుకుతుంది, 30 దగ్గర దానికి పిల్లలు పెట్టడం కూడా కష్టమవుతుంది. కానీ వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువుంటుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్లు 30 దగ్గర ఏడున్నరే పడతాయి, కాబట్టి ఎయిర్ పంపు రాత్రింబవళ్లు ఆడాల్సిందే.

దాంతోపాటు రాళ్ల ఉప్పు. మోలీలు ఉప్పుకి బాగా ఓర్చుకుంటాయి, టెట్రాలూ సక్కరూ అంత ఓర్చుకోవు, అందుకని నీకు లీటరుకి 1 గ్రాము చాలు, 45 గ్రాములు తూకం వేసి మగ్గులో కరిగించి ఈరోజు సగం రేపు సగం పోయి. నీళ్లు మార్చినప్పుడు తీసినన్ని నీళ్లకి సరిపడా ఉప్పే మళ్లీ కలుపు, ఆవిరైపోయిన నీళ్లకి బదులు పోసేటప్పుడు మాత్రం ఉప్పు వద్దు, ఎందుకంటే ఉప్పు ఆవిరవదు. రెండ్రోజులకోసారి అడుగు రాళ్లలోంచి సైఫన్ పైపుతో పావువంతు నీళ్లు లాగేస్తే గుల్లల్లో చాలా వరకు అలాగే బయటికి పోతాయి. ఆఖరి మచ్చ పోయాక కూడా ఇంకో పది రోజులు ఇదంతా ఆపకు.

నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, మెయిన్ ట్యాంకులో ఇక పొయ్యకు. చేప గుడ్లకి బూజు పట్టకుండా అది మంచిదే గానీ ఇక్‌కి అంత బలంగా పనిచెయ్యదు, పైగా ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది, అది చస్తే ఏమవుతుందో కింద మియాపూర్ వాళ్లకి రాసిన జవాబులో చదువు. వేడీ ఉప్పుతో తగ్గకపోతే మలకైట్ గ్రీన్ ఉన్న ఇక్ మందు తెచ్చుకో, టెట్రాలున్నాయి కాబట్టి సీసా మీద రాసినదాంట్లో సగం డోసుతో మొదలుపెట్టు, ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్, లేకపోతే మందంతా అదే తాగేస్తుంది. చేతులకి గ్లవ్స్ వేసుకో, అది మనుషులకీ మంచిది కాదు.

గోల్డ్ ఫిష్ పెంచేవాళ్లకి ఇక్కడే ఒక మాట. మగ గోల్డ్ ఫిష్ ఎదకొచ్చినప్పుడు మొప్పల మూత మీదా, పక్క రెక్కల ముందు అంచు మీదా తెల్లటి చుక్కలొస్తాయి, వరసగా నీటుగా ఉంటాయి, తోక మీదా వీపు మీదా ఉండవు. అది జబ్బు కాదు. దానికి మందులు పోసి బంగారం లాంటి చేపల్ని చంపుకున్నవాళ్లని నేను చూశాను.

ప్రశ్న (హైదరాబాద్, మియాపూర్ నుంచి): మేడం, మా బాబు పుట్టినరోజుకి అక్వేరియం కొన్నాం, మూడు నెలలైంది. నేను ప్రతి ఆదివారం చేపల్ని బకెట్లో వేసి ట్యాంకు, రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ అన్నీ ట్యాప్ కింద తళతళలాడేలా కడిగి కొత్త నీళ్లు పోస్తాను. అయినా సోమ, మంగళవారాలకి ఒక చేప పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతుంది, చచ్చిపోతుంది. బోరు నీళ్లు పడట్లేదేమో అని పోయిన నెల నుంచి ఆర్వో నీళ్లే పోస్తున్నాం. ఇప్పుడు ఇంకా ఎక్కువ చస్తున్నాయి. ఇంత శుభ్రంగా ఉంచితే ఎందుకిలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి నాకు బాధేసింది, ఎందుకంటే నేనూ మొదటి ఏడాది సరిగ్గా ఇలాగే చేశాను, ఇల్లు తుడిచినంత శ్రద్ధగా ట్యాంకు కడిగాను, పదకొండు చేపలు పోయాయి. ఎవరూ చెప్పలేదు. మీకు చెప్తాను, ఈ ఒక్కటి అర్థమైతే మీ ఇంట్లో ఇక చేప చావడం అరుదు.

చేప మొప్పల్లోంచీ, దాని రెట్టలోంచీ, తినకుండా మిగిలిన మేతలోంచీ అమోనియా వస్తుంది. అది చేపకి విషం. ట్యాంకులో రెండు రకాల బ్యాక్టీరియా ఉంటాయి, ఒకటి అమోనియాని నైట్రైట్ చేస్తుంది, రెండోది నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మొయ్యకుండా చేస్తుంది. నైట్రేట్ మాత్రం కొంత ఉన్నా ఫర్వాలేదు, వారానికోసారి నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి ఉండేది నీళ్లలో కాదు, ఫిల్టర్ స్పాంజ్‌లో, రాళ్ల మీద. మీరు ప్రతి ఆదివారం ట్యాప్ కింద క్లోరిన్ నీళ్లతో వాటినే కడిగేస్తున్నారు. అంటే మీ ట్యాంకు మూడు నెలలది కాదమ్మా, ప్రతి సోమవారం మళ్లీ మొదటి రోజే. పైకొచ్చి నోరు తెరవడం, మొప్పలు ఎర్రబడటం, రెక్కలు ముడుచుకుని మూలన నిలబడటం, ఇవన్నీ అమోనియా లక్షణాలే.

బోరు నీళ్ల పీహెచ్, అంటే క్షారగుణం కొలత, ఎక్కువగా ఉంటే ఇంకో చిక్కుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియా ఎక్కువ విషమవుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా విష రూపంలో ఉండదు, పీహెచ్ 8 అయితే అయిదు పాళ్ల దాకా ఉంటుంది. అందుకే పక్కింటివాళ్ల ట్యాంకులో అంతే అమోనియా ఉన్నా వాళ్ల చేప బతుకుతుంది, మీది చస్తుంది.

ఇక ఆర్వో నీళ్లు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, నీళ్ల పీహెచ్‌ని పట్టి ఉంచేవి అవే, అవి లేకపోతే పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. గప్పీలకీ మోలీలకీ గోల్డ్ ఫిష్‌కీ కాస్త గట్టి నీళ్లే, అంటే ఖనిజాలున్న నీళ్లే కావాలి, మన బోరు నీళ్లు వాటికి నిజానికి నయం. మరీ ఉప్పగా ఉంటే సగం బోరు, సగం ఆర్వో కలపండి. అంతకుమించి వద్దు.

రేపు చెయ్యాల్సింది ఏంటంటే, ఏమీ కడక్కండి. మూడో వంతు నీళ్లు తీసి, ముందు రోజు రాత్రి బకెట్లో పట్టి ఎయిర్ స్టోన్, అదే పంపుకి తగిలించే బుడగల రాయి, వేసి ఉంచిన నీళ్లు పోయండి, టైం లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి. ఒక్కసారిగా మొత్తం మార్చకండి, ఆర్వో నీళ్లకి అలవాటుపడ్డ చేపకి అదీ దెబ్బే. మేత రెండ్రోజులు ఆపండి, తర్వాత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేంతే. అమోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి, ఇన్ని చేపలు కొన్న డబ్బుతో పోలిస్తే చాలా తక్కువ. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా రోజు విడిచి రోజు పావువంతు మారుస్తూ ఉండండి, ఆ తర్వాత వారానికి ఒకసారి చాలు. స్పాంజ్ మురికిపట్టి నీళ్లు సరిగ్గా రాకపోతే, ట్యాంకులోంచి తీసిన ఆ పాత నీళ్లలోనే బకెట్లో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టెయ్యండి. గోధుమ రంగు మిగిలిపోతుంది, ఉండనివ్వండి. రాత్రి ఫిల్టర్ ఆపకండి, శబ్దం వస్తుందని చాలామంది ఆపేస్తారు, నీళ్లు కదలకపోతే ఆ బ్యాక్టీరియాకి ఊపిరాడదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మేడ మీద ట్యాంకు బ్లీచింగ్ వేసి కడిగిన రోజు నీళ్లు పట్టకండి, వాచ్‌మన్‌ని ముందే అడిగి పెట్టుకోండి. దోమల లిక్విడ్ మెషిన్, దోమల స్ప్రే అక్వేరియం ఉన్న గదిలో వాడకండి, అందులో మందు చేపలకి చాలా కొద్దిపాటిదైనా విషం, ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. నిన్నటిదాకా బాగున్న చేపలు తెల్లారేసరికి అన్నీ ఒకేసారి పోయాయి అంటే నేను ముందు అడిగేది ఇదే.

ప్రశ్న (గుంటూరు నుంచి): మా గోల్డ్ ఫిష్ తలకిందులుగా తేలుతోంది. మేత వేస్తే తిరగబడే తింటుంది. ఇక బతకదా?

జవాబు: మేత తింటోంది కదా, ఇప్పుడే ఆశ వదలకండి. గుండ్రటి పొట్ట ఉన్న రకాలకి, ఒరాండా, రియుకిన్ లాంటివాటికి, లోపల గాలి తిత్తికి చోటు తక్కువ, పేగు కాస్త ఉబ్బినా బ్యాలెన్స్ పోతుంది. గోల్డ్ ఫిష్‌కి జీర్ణాశయం ఉండదు, తిన్నది నేరుగా పేగులోకే వెళ్తుంది. తేలే పొడి గుళికలు పైకొచ్చి గాలితో సహా మింగుతుంది. రెండు మూడు రోజులు పస్తు పెట్టండి, ఏం కాదు. తర్వాత పచ్చి బఠాణీ ఉడకబెట్టి, తొక్క తీసి, చిన్న ముక్క నలిపి వెయ్యండి, రెండ్రోజులు అదే. ఆ తర్వాత మునిగే గుళికలు, అవీ పది నిమిషాలు నానబెట్టి. పొట్ట నీళ్ల పైకి తేలి ఎండుతుంటే ట్యాంకులో నీళ్ల మట్టం తగ్గించకండి, పెంచినా లాభం లేదు, వెలుతురు తగ్గించి కదలకుండా వదిలెయ్యండి. ఇంత చేసినా పది రోజుల్లో మార్పు లేకపోతే అది దాని శరీర ఆకారం వల్ల వచ్చిందే, అలాగే నెలల తరబడి బతికిన చేపలున్నాయి. గాజు గిన్నెలో ఉంచుతుంటే మాత్రం ఈ వారమే మార్చండి, ఫిల్టర్ లేని గిన్నెలో గోల్డ్ ఫిష్‌కి రోగం రాకుండా ఉండదు.

ప్రశ్న (భీమవరం నుంచి): కొత్తగా తెచ్చిన కోయి చేపల ఒంటి మీద పచ్చగా, గుండ్రంగా, పల్చగా ఏవో అంటుకుని తిరుగుతున్నాయండి. చేపలు రాళ్లకేసి రుద్దుకుంటున్నాయి. మా బాబాయి చెరువుల్లో వాడే పేను మందు తెచ్చి రెండు చుక్కలు వేద్దామంటున్నారు.

జవాబు: బాబాయిగారు జబ్బు సరిగ్గానే పట్టారండి, అది చేప పేనే, శాస్త్రంలో ఆర్గ్యులస్ అంటారు. మందు మాత్రం వద్దని చెప్పండి. ఎకరం చెరువు మీటరు లోతు అంటే 40 లక్షల లీటర్ల నీళ్లు, చెరువు డోసు ఆ లెక్కలో ఉంటుంది, మీ ట్యాంకు వంద లీటర్లు ఉంటుందేమో. ఆ లెక్కన మీకు కావాల్సింది ఒక చుక్కలో ఎన్నో వంతో, ఇంట్లో ఎవరూ కొలవలేరు. చెరువులో గాలి, ఎండ, అడుగు మట్టి కూడా మందుని కొంత విరిచేస్తాయి, గాజు పెట్టెలో అది అలాగే ఉండిపోతుంది.

చేపల్ని ఒక్కొక్కటే తడి గుడ్డలో పట్టుకుని, పేనుని సన్నటి పట్టకారుతో లాగెయ్యండి, ఒక్కో చేప నిమిషానికి మించి నీళ్ల బయట ఉండకూడదు. తర్వాత చేపల్ని ఎయిర్ స్టోన్ ఉన్న వేరే టబ్‌లో పెట్టి, రోజూ కాస్త నీళ్లు మారుస్తూ, ట్యాంకు మొత్తం ఖాళీ చెయ్యండి. పైన మియాపూర్ వాళ్లకి కడగొద్దని చెప్పి మీకు కడగమంటున్నానని అనుకోకండి, ఈ పేను అద్దానికీ రాళ్లకీ వరసలుగా గుడ్లు పెడుతుంది, వాటిని ఎండబెట్టడమే మార్గం. మీ ఊరి ఎండకి రెండు మూడు రోజులు చాలు. గుడ్లు పొదగడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు కాబట్టి అన్నాళ్లూ టబ్‌లో చేపల్ని రోజూ చూస్తూ కనపడినదాన్ని తీసేస్తుండండి. మీకు ఉండి చేపల పరిశోధన కేంద్రం దగ్గరే కదా, ఒక పేనుని చిన్న సీసాలో వేసి తీసుకెళ్లి చూపించండి. నెల్లూరు వైపు వాళ్లకి ముత్తుకూరు ఫిషరీ కాలేజీ ఉంది, కాకినాడ వాళ్లకి మత్స్య శాఖ శిక్షణ సంస్థ ఉంది, మొహమాటపడకుండా వెళ్లి అడగండి.

ప్రశ్న (విజయవాడ నుంచి): గప్పీల మూతి చుట్టూ తెల్లగా దూదిలా వచ్చింది, ఫంగస్ అని వేడి పెంచాను, రెండ్రోజుల్లో అయిదు పోయాయి.

జవాబు: అది ఫంగస్ కాదమ్మా, కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అయ్యుంటుంది. ఫంగస్ పాత గాయం మీద దూదిపింజలా పైకి లేచి నిలబడుతుంది, మెల్లగా పెరుగుతుంది. ఇది మూతి దగ్గరో, వీపు మీద జీను వేసినట్టో బూడిద రంగులో పరుచుకుంటుంది, ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది, వేడికి ఇంకా రెచ్చిపోతుంది. హనుమకొండ తమ్ముడికి వేడి పెంచమన్నది మీకు పనికిరాదు, తెల్లగా కనపడిందల్లా ఒకే జబ్బు కాదు. మిగిలినవాటిని వేరు చేసి, హీటర్ ఆపి నీళ్లని 24, 25 దగ్గరికి మెల్లగా దించండి, సగం నీళ్లు మార్చండి, గాలి పెంచండి. దీనికి యాంటీబయాటిక్ కావాలి, అది చేపల డాక్టర్ని అడిగే వెయ్యండి, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి పొడిచేసి పొయ్యకండి, జబ్బు పోకుండా ఫిల్టర్ ఒక్కటే పోతుంది. ఈ ట్యాంకు వల ఇంకో ట్యాంకులో ముంచకండి.

ప్రశ్న (కర్నూలు నుంచి): జబ్బు చేసిన సక్కర్ ఫిష్‌ని తుంగభద్రలో వదిలేస్తే బతుకుతుందా?

జవాబు: బతికితేనే ఇంకా ప్రమాదం. మన రైతులు దెయ్యం చేప అని తిట్టుకునేది ఈ సక్కర్ జాతినే, దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంల కోసం వచ్చింది, ఇప్పుడు మన చెరువుల్లో వలలు చింపుతోంది, మంచి చేపల మేత తినేస్తోంది. వదలొద్దు. కొన్న షాపులో అడిగి తిరిగి ఇవ్వండి, లేదంటే పెద్ద ట్యాంకున్నవాళ్లకి ఇవ్వండి, అదీ జబ్బు నయమయ్యాకే.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి): అక్కా, మా గోల్డ్ ఫిష్‌కి ఆరేళ్లు. పది రోజులుగా పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ పైకి లేచి, పైనుంచి చూస్తే సీతాఫలంలా కనిపిస్తోంది. మేత మానేసింది, అడుగున పక్కకి ఒరిగి పడుకుంటోంది. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి, కిట్‌తో చూశాను. ఉప్పు వేశాను. మా పాప రోజూ అడుగుతోంది. ఇంకేం చెయ్యాలి?

జవాబు: తల్లీ, నువ్వు సీతాఫలం అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో అర్థమైపోయింది. దీన్ని డ్రాప్సీ అంటారు, లోపల కిడ్నీ పని మానేసి ఒంట్లో నీరు చేరిపోతుంది. పొలుసులు లేవకముందే, పొట్ట కొంచెం ఉబ్బినప్పుడే పట్టుకుంటే కొన్ని తేరుకుంటాయి. అన్ని వైపులా లేచి, మేత మానేసి, ఒరిగిపోయాక తేరుకోవడం నేను చూడలేదు. నువ్వు చేసిన తప్పేం లేదు, ఆరేళ్లు పెంచావు.

దాని బాధ తగ్గించాలనుకుంటే లవంగ నూనె ఉంది, పంటినొప్పికి వాడేదే. సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి నూనె వేసి పాలలా అయ్యేదాకా బాగా గిలక్కొట్టు. చేపని దాని ట్యాంకు నీళ్లే రెండు లీటర్లు పట్టిన గిన్నెలోకి మెల్లగా తీసుకో. ముందు లీటరుకి రెండు మూడు చుక్కల నూనె లెక్కన మెల్లగా కలుపు, కొన్ని నిమిషాల్లో అది నిద్రపోయి పక్కకి ఒరుగుతుంది. ముట్టుకున్నా కదలనప్పుడు మిగతాది కలుపు, మొత్తం లీటరుకి పది చుక్కలు దాటాలి. మొప్పలు ఆగాక కూడా ఇంకో అరగంట అలాగే ఉంచు, తొందరపడి తియ్యకు. డ్రైనేజీలో గానీ సముద్రంలో గానీ పడెయ్యకుండా మొక్క కుండీలో లోతుగా పూడ్చు. పాపకి నిజమే చెప్పు, పూడ్చేటప్పుడు తననీ పక్కన ఉండనివ్వు, ఉంటానంటేనే.